చూరు చూసేవాడు

సైమి గారు కేటలాగు తెరిచే ఉంచారు వంటింటి బల్ల మీద.
ప్లాస్టిక్కా, రేకా? తెలుపా, ఇటుక రంగా?
నేనింకా బూట్లు విప్పలేదు.

కూహ్మోలో నలభై ఏళ్లుగా ఇదే నా పని.
మనుషుల పేర్లు మరిచిపోతాను గానీ
ఎవరి చూరు దోనె ఏ మూల కుంగిందో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

చెప్పాను:
ప్లాస్టిక్ చవకే. మైనస్ ముప్పైలో
నిచ్చెన తగిలితే చాలు, ఎండురొట్టెలా పెళుక్కుమంటుంది.
ఉక్కు రేకు తీసుకోండి, అర్ధచంద్రాకారం కోతది,
నీళ్లు గడ్డకట్టి ఉబ్బినా పక్కలు చీలవు.
కొక్కేలు రెండడుగులకొకటి,
పిసినారితనం ఇంకెక్కడైనా చూపించుకోవచ్చు.
దోనె అంచు కప్పు వాలుకి వేలెడు కిందుగా ఉండాలి,
జారే మంచు దాని నెత్తిన కూర్చోకుండా
దాటి దూకాలి.

రంగు మీ ఇష్టం. మంచుకు రంగులు తెలియవు.

ఆవిడ నవ్వలేదు. ముందు బయటికొచ్చి చూడండి అన్నారు.

పాత దోనె సగం ఊడి వేలాడుతోంది.
దాని పక్కనే చూరు పట్టుకుని
పాత బాకీదారుల్లా బారెడేసి మంచుగడ్డలు.
నిచ్చెనెక్కాను.
కప్పంతా మోకాలి లోతు తెలుపు,
ఒక్క ఈశాన్యం మూల మాత్రం
మంచమంత మేర
నల్లటి తడి రేకు.

దిగొచ్చి అన్నాను, తప్పు దోనెది కాదు.
లోపలి వేడి అటకలోంచి ఎగబాకి
మంచుని కరిగిస్తోంది.
కరిగిన నీరు చల్లటి చూరు దాకా వచ్చి మళ్లీ గడ్డ.
గడ్డ వెనక నీరు, నీటి వెనక ఇంకో గడ్డ.
ఎంత ఖరీదైన దోనె పెట్టినా లాగి పారేస్తుంది.
ఆ మూల గదిలో ఎవరుంటారు?

ఎవరూ లేరు, అన్నారు.
తర్వాత, కాసేపాగి: అర్వోది.

తలుపు తీస్తే కళ్లద్దాలు మసకబారాయి.
పరిచిన పక్క. గోడవైపు తిరిగిన బూట్లు.
హీటరు మీట చివరి అంకె మీద.
తమ్ముడికి చలి ఎక్కువండీ.
ముప్పై రెండేళ్లు బస్సు నడిపాడు,
తెల్లారి నాలుగింటికి ఇంజను వేడెక్కేదాకా
చేతులు చంకల్లో పెట్టుకుని.
నవంబరులో పోయాడు.
ఆ మీట తిప్పడానికి
చెయ్యి రాలేదు.

ఇక్కడ ఏ మేస్త్రీ అయినా అనే మాట ఒకటుంది.
కరెంటు బిల్లు కూడా కలిసొస్తుంది.
నా నాలుక చివరిదాకా వచ్చింది.

అటకలో కాగితపు పొట్టు పోస్తాను, అన్నాను,
మూరెడు మందాన.
చూరు కింద గాలాడే సందు మాత్రం మూయను.
వేడి ఎక్కడిదక్కడే ఉంటుంది.

మే నెలలో దోనె బిగించాను. ఇటుక రంగే.
చివర్లో ఎప్పుడూ ఒక గోలీ దొర్లిస్తాను,
నీలం చార ఉన్న గాజుది, మా మేనకోడలిది,
దానికిప్పుడు యాభై దాటాయి.
గోలీ ఎక్కడా ఆగకుండా గొట్టం దాకా పోతే
వాలు కుదిరినట్టు.
ఆగలేదు. గొట్టంలోకి దూకింది,
కింద మోచేతి మలుపులో ఎక్కడో ఇరుక్కుంది.
పోనీలెమ్మని జాగ్రత్తలు చెప్పి వచ్చేశాను:
బిర్చి ఆకులు పూర్తిగా రాలాకే శుభ్రం చేయించండి,
ముందు చేయిస్తే రెండుసార్లు కూలి.
లార్చి సూదులు మాత్రం చేత్తోనే తీయాలి,
నానితే జిగురవుతాయి.
గొట్టం నీళ్లు పునాదికి నాలుగడుగుల అవతల పడాలి.

మళ్లీ మార్చిలో ఆ దారిన పోతూ బండి ఆపాను.
కప్పంతా ఒకటే తెలుపు, ఈశాన్యం మూల కూడా.
చూరు ఖాళీ.

సైమి గారు తలుపు తీసి
అరచెయ్యి చాపారు. నీలం చార.
మొదటి వానకే బయటపడింది,
మీరొస్తారని ఉంచాను, అన్నారు.

లోపలికి వెళుతూ చూశాను,
మూల గది కిటికీ అద్దం మీద పల్చటి ఆవిరి.
కాఫీ పోశారు.
ఈ ఏడు లార్చి సూదులు ఎక్కువ రాలాయా అని అడిగాను.
బోలెడు, అన్నారు.